వెండి కంచం మీద చుక్కల అక్షరాలు: రోమ్ విందు నుంచి లేపాక్షి బండ దాకా

ఈసారి మన అధ్యయన వ్యాసం అన్నం తినే పళ్లెం గురించి. నవ్వకండి, ఇందులో చరిత్ర, కెమిస్ట్రీ, మెటీరియల్స్ సైన్స్, కొంచెం సాహిత్యం అన్నీ ఉన్నాయి.

ముందు ఒక ప్రశ్న. రెండు వేల ఏళ్ల కిందట ఇటలీలో ఒక డబ్బున్న కుటుంబం ఏ గిన్నెలో ద్రాక్షసారా తాగిందో, ఏ పళ్లెంలో వడ్డించుకుందో ఈ రోజు మ్యూజియంకి వెళ్లి కళ్లారా చూడొచ్చు. అదే ఐదు వందల ఏళ్ల కిందట మన అచ్యుత దేవరాయలు ఎందులో తిన్నాడో తెలుసుకోవాలంటే ఒక పోర్చుగీసు వ్యాపారి రాసిన కాగితాల దగ్గరికి వెళ్లాలి. అక్కడ వస్తువు మిగిలింది, ఇక్కడ మాట మిగిలింది. ఎందుకిలా? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే దారిలో పెనుకొండ, లేపాక్షి, ధర్మవరం, చివరికి మన ఇంట్లో అటక మీదున్న పాత సామాన్ల పెట్టె, అన్నీ తగులుతాయి.

రోమ్ వాళ్ల భోజనాల గది

రోమన్ సంపన్నుల ఇళ్లలో భోజనాల గదిని ట్రిక్లీనియం అనేవాళ్లు. మూడు వైపులా మూడు మంచాల్లాంటి ఆసనాలు, మధ్యలో చిన్న బల్ల. ఒక్కో ఆసనం మీద ముగ్గురు చొప్పున మామూలుగా తొమ్మిది మంది ఎడమ మోచేతి మీద ఆనుకుని పడుకుని, కుడి చేత్తో తినేవాళ్లు. ఫోర్కు వాడకం లేదు. చెంచాలు ఉండేవి, మిగతాదంతా మనలాగే చెయ్యి.

వెండి సామానుని వాళ్లు రెండు రకాలుగా లెక్కపెట్టేవాళ్లు. తినడానికి వాడేది ఆర్జెంటమ్ ఎస్కేరియం. తాగడానికి వాడేది ఆర్జెంటమ్ పొటోరియం. మొదటి దాంట్లో వడ్డన పళ్లాలు, పులుసు గిన్నెలు, చెంచాలు వస్తాయి. రెండో దాంట్లో కప్పులు, కూజాలు, సారాలో నీళ్లు కలిపే పాత్రలు, వడపోసే జల్లెడ గరిటెలు వస్తాయి. పాంపే ఊరి బయట గయస్ వెస్టోరియస్ ప్రిస్కస్ అనే యువ అధికారి సమాధి ఉంది. దాని గోడ మీద ఒక బల్ల, ఆ బల్ల నిండా వరుసగా పేర్చిన వెండి సామాను బొమ్మ గీశారు. చనిపోయిన మనిషి గొప్పతనం చెప్పడానికి అతని వాళ్లు ఎంచుకున్న బొమ్మల్లో అదొకటి. మన పెళ్లిళ్లలో సారె సామాను బల్ల మీద పేర్చి అందరికీ కనబడేలా పెడతాం కదా, ఆ లాంటిదే.

అయితే రోమ్ వాళ్లు మొదటి నుంచీ వెండి మోజులో లేరు. క్రీ.పూ. 275లో కార్నీలియస్ రూఫినస్ అనే పెద్దమనిషిని సెనేట్ నుంచి తీసేశారు. అతను రెండుసార్లు కాన్సుల్‌గా చేసినవాడు. చేసిన నేరం? ఇంట్లో పది రోమన్ పౌండ్ల వెండి సామాను ఉండటం. రోమన్ పౌండ్ అంటే దాదాపు 327 గ్రాములు, అంటే మొత్తం మూడుంపావు కిలోలు. ఈ రోజు ఒక మోస్తరు పెళ్లిలో పెట్టే వెండి అంత కూడా కాదేమో!

మూడు వందల ఏళ్లు తిరిగేసరికి కథ తలకిందులైంది. క్లాడియస్ చక్రవర్తి కాలంలో స్పెయిన్‌లో ఖజానా చూసే డ్రూసిల్లానస్ అనే అతని దగ్గర ఐదు వందల పౌండ్ల వెండి పళ్లెం ఒకటి ఉండేదని ప్లినీ రాశాడు. లెక్క వేస్తే 160 కిలోలు దాటుతుంది. దాన్ని తయారు చేయడానికే ప్రత్యేకంగా ఒక పనిశాల కట్టించారట. ఇంకా విచిత్రం, ఆ డ్రూసిల్లానస్ చక్రవర్తికి బానిస. బానిస దగ్గర అంత వెండి! ఇంకో వైపు ఆ వెండి తవ్వి తీసిన గనుల్లో పనిచేసినవాళ్లలోనూ చాలామంది బానిసలే. పళ్లెం ఒకటే, దాని రెండు కొసల్లో రెండు రకాల బతుకులు.

మిగిలినవి ఎలా మిగిలాయి?

ఇక్కడ నాలుగు నిధుల గురించి చెప్పుకోవాలి.

1895లో పాంపే దగ్గర బోస్కోరియాలేలో ఒక పల్లె బంగళా తవ్వుతుంటే ద్రాక్షసారా తీసే చోట ఒక తొట్టిలో వెండి దొరికింది. వందకు పైగా పాత్రలు. ఇప్పుడు ఎక్కువ భాగం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఒక జత కప్పుల మీద అస్థిపంజరాల బొమ్మలు చెక్కారు. అవి మామూలు అస్థిపంజరాలు కావు. సోఫోక్లిస్, యూరిపిడిస్ లాంటి నాటకకర్తలు, జీనో, ఎపిక్యురస్ లాంటి తత్వవేత్తలు. అందరూ ఎముకల గూళ్లుగా మారి నిలబడి ఉంటారు. బతికున్నప్పుడే అనుభవించు, రేపటి సంగతి ఎవరికి తెలుసు అని తాగేవాడికి గుర్తు చేయడం దాని ఉద్దేశం. దాచిన మనిషికి ఆ రేపు నిజంగానే రాలేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలింది.

1930లో పాంపేలోనే మెనాండర్ ఇల్లు అని పిలిచే భవనంలో, నేలమాళిగలో ఒక చెక్కపెట్టె దొరికింది. అందులో గుడ్డల్లో చుట్టి పెట్టిన 118 వెండి వస్తువులు ఉన్నాయి.

1942లో ఇంగ్లండ్‌లో మిల్డెన్‌హాల్ దగ్గర పొలం దున్నుతుంటే నాగలికి ఒక పళ్లెం తగిలింది. వ్యాసం 60 సెంటీమీటర్లు, బరువు ఎనిమిది కిలోల పైన. మధ్యలో సముద్ర దేవుడి ముఖం, చుట్టూ జలకన్యలు, అంచు వలయంలో బాకస్ దేవుడు, తాగి తూలుతున్న హెర్క్యులస్, నాట్యం చేసేవాళ్లు. నాలుగో శతాబ్దం నాటిది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

నాలుగోది 1919లో స్కాట్లండ్‌లోని ట్రాప్రెయిన్ లాలో బయటపడింది. ఇరవై కిలోలకు పైగా రోమన్ వెండి. కానీ చాలా వరకు ముక్కలు ముక్కలుగా నరికి, మడతపెట్టి ఉంది. అందమైన గిన్నెలు, పళ్లాలు కేవలం తూకం లెక్కన పంచుకోవడానికి కోసేశారు.

ఈ నాలుగూ చూశాక ఒక సంగతి తెలుస్తుంది. వెండి పాత్ర మామూలుగా అయితే మిగలదు. అగ్నిపర్వతం పేలి దాచినవాడు తిరిగి రాకపోతేనో, భయపడి పాతిపెట్టి మర్చిపోతేనో మిగులుతుంది. లేకపోతే దాని సహజ గమ్యం మూస. అవసరం వస్తే కరిగించి నాణేలు చేస్తారు, ఫ్యాషన్ మారితే కరిగించి కొత్త గిన్నె చేస్తారు. మనం మ్యూజియంలో చూసేది రోమ్ వెండిలో యాక్సిడెంట్‌గా తప్పించుకున్న చాలా చిన్న వంతు.

మిరియాల డబ్బీ, మన వైపు దారి

ఈ కథలో మనవాళ్ల పాత్ర లేదనుకోకండి. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌నేలో దొరికిన నిధిలో నాలుగు వెండి మిరియాల డబ్బీలు ఉన్నాయి. అందులో ఒకటి పైకి ఒక రాజవంశపు స్త్రీ ఆకారంలో, అక్కడక్కడ బంగారు పూతతో ఉంటుంది. అడుగున ఒక బిళ్ల తిప్పితే మిరియాల పొడి రాలుతుంది. మిరియాలు ఎక్కడివి? మన దక్షిణాదివి, ముఖ్యంగా మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లినవి. భారతదేశానికి ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల డబ్బు పోతోందని ప్లినీ వాపోయాడు. ఆ డబ్బులో కొంత వెండి నాణేలుగా తెలుగు నేల మీద కూడా దిగింది. నల్గొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో అలాంటి రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. అంటే మన మిరియాలు వాళ్ల వెండి డబ్బీలోకి, వాళ్ల వెండి మన కుండల్లోకి చేరాయన్నమాట.

అచ్యుత రాయల ముక్కాలి పీట

ఇప్పుడు మన ఊళ్ల వైపు వద్దాం. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి 1530లలో విజయనగరంలో ఉన్నాడు. అప్పుడు రాజు అచ్యుత దేవరాయలు (1529 నుంచి 1542 దాకా పాలన). రాజు భోజనం ఎలా జరిగేదో నూనిజ్ వివరంగా రాశాడు. సారాంశం ఇది: రాజు తినే వేళకి బయటివాళ్లు వెళ్లిపోతారు. గుండ్రని, మూడు కాళ్ల బంగారు పీట తెచ్చి పెడతారు. పెద్ద బంగారు పాత్రల్లో వంటకాలు వస్తాయి, చిన్న చిన్న వంటకాలు చిన్న బంగారు గిన్నెల్లో వస్తాయి. కొన్ని గిన్నెలకి రత్నాలు పొదిగి ఉంటాయి. బల్ల మీద గుడ్డ పరవరు. తిన్న తర్వాత చేతులు, నోరు కడుక్కున్నాకే గుడ్డ ఇస్తారు.

చూశారా? మధ్యలో పెద్దది, చుట్టూ చిన్నవి. మన కంచం, గిన్నెల అమరిక అప్పటికే అదే.

రోమ్‌తో పోలిస్తే ఒక ముఖ్యమైన తేడా ఉంది. రోమన్ విందులో వడ్డన పళ్లెం అందరి మధ్యా ఉంటుంది, అందరి చేతులూ అందులోకే వెళతాయి. కాబట్టి అందరి చూపూ దాని మీదే, అలంకారమంతా దాని మీదే. మన దగ్గర ఎంగిలి అనే లెక్క ఉంది. ఒకరి పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. వడ్డించేవాళ్లు గరిటెతో పైనుంచి వేస్తారు, గరిటె విస్తరికి తగలకూడదు. పైగా మనం అన్నం కలుపుకుని తింటాం. పళ్లెం లోపల ఉబ్బెత్తు బొమ్మలుంటే పప్పన్నం ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. అందుకే మన కంచం నున్నగా ఉంటుంది. నగిషీ అంతా చెంబు మీదికి, పన్నీరు బుడ్డి మీదికి, తాంబూలం పెట్టె మీదికి, హారతి పళ్లెం అంచు మీదికి వెళ్లింది. పూర్తిగా ఎంగిలి సమస్యే లేకుండా ఉండాలంటే అరటాకో, మోదుగాకు విస్తరో ఉండనే ఉంది. తిని పారేస్తే సరి.

రాయల కాలం వెండి గురించి ఇంకో గట్టి సాక్ష్యం తిరుమలలో ఉంది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు స్వామి దర్శనానికి వచ్చినప్పుడు రత్నాల కిరీటంతో పాటు కర్పూర హారతికి 25 వెండి పళ్లాలు సమర్పించినట్టు శాసనం చెబుతుంది. ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు ఆరగింపు పెట్టడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. అంతకు ఐదు వందల ఏళ్ల ముందే తంజావూరు బృహదీశ్వరాలయం గోడల మీద రాజరాజ చోళుడు ఇచ్చిన బంగారు, వెండి పాత్రల జాబితా తూకాలతో సహా చెక్కారు. ఏ తూకం రాయితో తూచారో దాని పేరు కూడా రాశారు: ఆడవల్లాన్.

అంటే మన పద్ధతి ఇదన్నమాట. వెండి కరుగుతుంది, దొంగలు ఎత్తుకుపోతారు, రాజులు మారతారు. అందుకని లెక్క రాతి మీద రాసి పెట్టారు.

పెనుకొండకి వచ్చిన ఏనుగులు

1565 జనవరిలో యుద్ధం పోయింది. అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమల దేవరాయలు విజయనగరం నుంచి ఖజానా తీసుకుని పెనుకొండకి వచ్చాడు. 1900లో విజయనగర చరిత్ర పుస్తకం వేసిన రాబర్ట్ స్యూయెల్, ఆ సంపద 550 ఏనుగుల మీద వెళ్లిందని, రాజుల రత్న సింహాసనం కూడా అందులో ఉందని పాత రాతల ఆధారంగా రాశాడు. ఆ తర్వాత హంపీలో నెలల తరబడి దోపిడీ.

హిందూపురం నుంచి ధర్మవరం వైపు రైల్లో వెళ్లేటప్పుడు పెనుకొండ కొండ కనబడుతుంది కదా. మనలో చాలామంది ఫోన్ చూసుకుంటూ దాటిపోతాం. ఒక సామ్రాజ్యపు నగానట్రా అంతా ఒకప్పుడు ఆ కొండ కిందికి చేరింది. తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది. రాజ్యం చిక్కిపోతున్న కాలంలో ఖజానా ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. యుద్ధం అంటే సైనికుల జీతాలు, జీతాలంటే నాణేలు. నాణేలకి లోహం కావాలి. ట్రాప్రెయిన్ లాలో గొడ్డలి చేసిన పని ఇంకో చోట కొలిమి చేస్తుంది.

పెనుకొండలో ఈ రోజు కోట గోడలున్నాయి, గగన్ మహల్ ఉంది. రాయి మిగిలింది.

లేపాక్షి బండ మీది కంచం

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. వీరభద్రాలయాన్ని కట్టించినవాళ్లు పెనుకొండలో విజయనగర అధికారులుగా ఉన్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. కాలం 1530లు, రాజు అచ్యుత దేవరాయలే. అంటే నూనిజ్ బంగారు ముక్కాలి పీట గురించి రాస్తున్న రోజుల్లోనే ఇక్కడ ఉలి చప్పుడు వినబడుతోంది.

ఆ ఆవరణలో నేల బండ మీద గుండ్రని పళ్లాలు చెక్కి ఉంటాయి. మధ్యలో పెద్ద గుంట, చుట్టూ చిన్న గిన్నెల్లాంటి గుంటలు. గైడ్లు రెండు కథలు చెబుతారు. ఒకటి, శిల్పులు ఇక్కడే కూర్చుని భోంచేసేవాళ్లు, పళ్లెం గిన్నె అంతా బండే. రెండు, పైకప్పు చిత్రాలకి రంగులు కలుపుకునే చోటు ఇది. రెండూ విని నచ్చింది తీసుకోండి. మొదటి కథకి బలమిచ్చే తోడు హంపీలో ఉంది. అక్కడ నీటి కాలువకి రెండు వైపులా వరుసగా రాతి పళ్లాలు, గిన్నెల గుంటలతో సహా చెక్కి ఉన్నాయి. దాన్ని భోజనశాల అంటారు. మధ్యలో పారే నీళ్లు, అటూ ఇటూ పంక్తి. మన హాస్టల్ మెస్‌కి ఇంత మంచి డిజైన్ లేదు!

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. రాజు ముందు బంగారు పీట మీద: మధ్యలో పెద్దది, చుట్టూ చిన్నవి. బండ మీద: మధ్యలో పెద్దది, చుట్టూ చిన్నవి. ప్లాన్ ఒకటే, మెటీరియల్ వేరు. రత్నాలు పొదిగిన గిన్నెని మనం ఎవరో రాసింది చదివి ఊహించుకోవాలి. బండ మీది గుంటలో ఇప్పటికీ వానొస్తే నీళ్లు నిలుస్తాయి. కరిగిస్తే పైసా రానిది కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

విరుపణ్ణ గురించి జనం చెప్పుకునే కథ కూడా డబ్బు లెక్క చుట్టూనే తిరుగుతుంది. రాజు ఖజానా సొమ్ము అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని నింద వచ్చిందని, కళ్లు తీయమని శిక్ష పడేలోపే తనే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడని, ఆ ఎర్ర మరకలే ఇవని గోడ చూపిస్తారు. అది కథే. కానీ ఖజానా లెక్క చెప్పాల్సినవాడి భయం ఎంత పెద్దదో జనానికి తెలుసు కాబట్టే ఆ కథ ఇన్నేళ్లు నిలిచింది.

ల్యాబ్ వైపు ఒక చూపు: వెండే ఎందుకు?

ఇంజనీరింగ్ కాలేజీ పత్రిక కదా, ఈ ప్రశ్న దాటిపోకూడదు.

మొదటిది, పులుపు. మన ప్రాంతపు వంటకి ప్రాణం చింతపండు. హిందూపురం చింతపండు మార్కెట్ ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం గాలి సాయంతో రాగిని, ఇత్తడిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అందుకే ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కి చేదొస్తుంది, అందుకే తగరంతో కళాయి పూయించేవాళ్లు. వెండి ఆ పులుపుకి లొంగదు. దాని బలహీనత గంధకం. గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి లాంటివాటిలోని గంధక సమ్మేళనాలు తగిలితే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడి నల్లబడుతుంది.

రెండోది, వేడి. లోహాలన్నిటిలో వెండి ఉష్ణ వాహకత ఎక్కువ, మీటరుకి కెల్విన్‌కి దాదాపు 429 వాట్లు. స్టెయిన్‌లెస్ స్టీలుది 15 దగ్గర. వెండి కంచంలో పొగలు కక్కే పులుసు పోసుకుని ఒళ్లో పెట్టుకుంటే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి.

మూడోది, పనికి లొంగడం. వెండి బిళ్లని సుత్తితో కొడుతూ గిన్నెగా పైకి లేపుతారు. కొట్టే కొద్దీ లోపల డిస్‌లొకేషన్లు ఒకదానికొకటి చిక్కుకుని లోహం గట్టిపడుతుంది, అదే వర్క్ హార్డెనింగ్. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ మెత్తబరుస్తారు, అదే అనీలింగ్. తర్వాత గిన్నెని రాల, లక్క లాంటి మెత్తటి జిగురు దిమ్మ మీద కూర్చోబెట్టి, వెనక నుంచి చిన్న ఉలులతో కొట్టి బొమ్మని ముందుకి ఉబ్బిస్తారు. ముందు నుంచి గీతలు తీర్చిదిద్దుతారు. బోస్కోరియాలే కప్పులూ అంతే, మన పెంబర్తి ఇత్తడి రేకు పనీ సూత్రంలో అంతే. రోమన్లు ఇంకో తెలివైన పని చేశారు. ఉబ్బెత్తు బొమ్మలున్న పై కప్పు లోపల నున్నటి ఇంకో కప్పు దూర్చారు. తాగడానికి, కడగడానికి లోపల నున్నగా, చూడటానికి బయట బొమ్మలతో. కరీంనగర్ వాళ్లది ఇంకో దారి. సన్నటి వెండి తీగని మెలిపెట్టి అల్లి పళ్లాలు, భరిణెలు చేసే ఫిలిగ్రీ పని అది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ధర్మవరం అంచులో వెండి

మన ప్రాంతంలో వెండి ఎక్కువగా కనబడేది కంచంలో కాదేమో, చీర అంచులో. ధర్మవరం పట్టుచీరకి వాడే అసలు జరీ అంటే ఏంటి? వెండిని సన్నటి తీగగా లాగి, చదును చేసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. అంటే అది కట్టుకునే వెండి సామాను.

దాని గతి కూడా పళ్లెం గతే. పాత పట్టుచీరలు కొంటాం అని వీధిలో కేక వినబడుతుంది కదా. వాళ్లకి కావలసింది పట్టు కాదు, డిజైన్ అసలే కాదు. చీరని కాల్చి, బూడిదలోంచి జరీ వెండి తీస్తారు. ఒక నేతన్న మగ్గం మీద రోజుల తరబడి కూర్చుని తీర్చిన అంచు గంటలో గ్రాముల లెక్కలోకి మారిపోతుంది. లేపాక్షి పైకప్పు చిత్రాల్లోని ఆడవాళ్ల చీరల అంచులు, గళ్లు మాత్రం ఐదు వందల ఏళ్లుగా అలాగే ఉన్నాయి. ఆ డిజైన్లు చూసి నేటి నేతలోకి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కట్టిన చీర పోయింది, గీసిన చీర నుంచి కొత్త చీర పుట్టింది.

చుక్కల అక్షరాలు

ఇప్పుడు అసలు సంగతి. రోమన్ వెండి పాత్రల్ని తిరగేసి అడుగు చూస్తే చాలాసార్లు అక్షరాలు కనబడతాయి. మొన తేలిన పనిముట్టుతో గీసినవి కొన్ని, చుక్క చుక్కగా పొడిచినవి కొన్ని. రెండు విషయాలు రాస్తారు: ఎవరిది, ఎంత బరువు. బోస్కోరియాలే పాత్రల్లో చాలావాటి మీద మాక్సిమా అనే ఒక స్త్రీ పేరు ఉంది. ఆమె ఎవరో, ఏం చేసేదో పుస్తకాల్లో లేదు. గిన్నె అడుగున మాత్రం ఆమె ఉంది. కప్పులు జతగా చేసేవాళ్లు కాబట్టి బరువు కూడా చాలాసార్లు జతకి కలిపి రాసేవాళ్లు. పెట్రోనియస్ రాసిన వ్యంగ్య కథలో ట్రిమాల్కియో అనే కొత్త డబ్బున్న మనిషి విందు ఇస్తాడు. వడ్డన పళ్లాల అంచు మీదే తన పేరు, వెండి బరువు చెక్కిస్తాడు. అడుగున ఉండాల్సిన లెక్కని అతిథుల కళ్ల ముందు పెట్టడమే అక్కడ జోకు.

చుక్కల అక్షరాలు అనగానే మీకేం గుర్తొచ్చింది? మన ఇంట్లో స్టీలు గిన్నెలు. పాత్రల కొట్లో చిన్న మిషన్‌తో టకటకమని పొడిచే పేర్లు. ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారు, ఏ తారీఖు, ఏ ఊరు. వెండి కంచమైతే పేరు, పొడి అక్షరాలు, ఒక్కోసారి అడుగున తూకం. బిడ్డకి ఉగ్గు పట్టే గిన్నె మీద మేనమామ పేరు. ఇవి ఎవరూ సాహిత్యం అనుకోని తెలుగు రాతలు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన ముత్తవ్వల్లో చాలామంది పేరు ఏ రికార్డులోనూ ఉండదు. పొలం పట్టా మగవాళ్ల పేరు మీద ఉండేది, రేషన్ కార్డు కూడా అప్పట్లో మగవాళ్ల పేరు మీదే ఉండేది. ఆమె పేరు రాసి ఉన్న ఒకే ఒక వస్తువు పుట్టింటివాళ్లు పెట్టిన కంచమో, చెంబో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మాక్సిమా సంగతి కూడా అంతేగా.

వెండి ధర పెరిగినప్పుడల్లా పాత సామాను షాపుకి వెళుతుంది. అక్కడ దానికి కథ లేదు, తూకం ఉంది. తరుగు తీసేసి, మజూరీ కలిపి, కొత్త డిజైన్ చేతికిస్తారు. అందులో తప్పేమీ లేదు. కష్టమొచ్చినప్పుడు ఆదుకుంటుందనే కదా మన పెద్దవాళ్లు వెండి కొన్నది. పిల్లల ఫీజుకి కరిగిన కంచం గొప్ప పనే చేసింది. నేను చెప్పేదల్లా ఒకటే: కరిగే ముందు దాన్ని చదవండి.

ఇలా చేయండి. పాత్రని తిరగేసి, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి ఫోటో తీయండి, అరిగిన చుక్కలు అప్పుడే కనబడతాయి. రాత ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి, తప్పులు దిద్దకండి. బరువు, వ్యాసం, ఎత్తు రాయండి. ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో రాయండి: తట్టా, పళ్లెమా, హరివాణమా, చెంబా, మరచెంబా. మన వైపు మాట కోస్తా మాట ఒకటి కాదు, ఆ తేడా కూడా చరిత్రే. చివరగా అవ్వనో తాతనో అడిగి అది ఎవరిదో, ఎలా వచ్చిందో రెండు వాక్యాలు రాసుకోండి.

తంజావూరు గోడ మీద చోళుల లేఖకులు చేసింది ఇదే పని. పాత్ర, తూకం, ఇచ్చినవాళ్ల పేరు. వాళ్లకి ఉలి కావలసి వచ్చింది, మనకి ఫోన్ చాలు. ఈ సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క గిన్నె అయినా తిరగేసి చూడండి. ఏం దొరికిందో మన క్లబ్‌కి రాసి పంపితే వచ్చే సంచికలో అందరం చదువుకుందాం.